ఒంటిచేతి ర్యాక్

మా అక్క బంతులు పేర్చేటప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడకూడదని రూలేమీ లేదు. అయినా ఎవరూ మాట్లాడేవారు కాదు. తమ్ముణ్ణి కాబట్టి నేనొక్కణ్ణే ఏదో ఒకటి వాగేవాణ్ణి. ఆవిడ తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి ఒక్క చూపు చూసేది. నా నోరు దానంతటదే మూతపడేది.

ఈ పూల్ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. బల్ల మీద పదిహేను బంతులు. ఏడు నిండు రంగువి, ఏడు చారలవి, ఒకటి నల్లది. వీటిని మూడు మూలల చెక్క చట్రంలో బిగించి పేర్చి, చట్రం తీసేస్తారు. దాన్ని ర్యాక్ అంటారు. చట్రాన్నీ అదే మాట అంటారు, పేర్చిన కుప్పనీ అదే అంటారు. నల్ల బంతి మధ్యలో ఉండాలి. వెనక రెండు మూలల్లో ఒకటి నిండుది, ఒకటి చారలది ఉండాలి. ముందున్న తల బంతి బల్లకి పరిచిన గుడ్డ మీద వేసిన చుక్క మీదే కూర్చోవాలి. బల్ల రెండో చివర నుంచి తెల్ల బంతిని కర్రతో కొట్టి ఆ కుప్పని పగలగొట్టడమే బ్రేక్. బ్రేక్‌లో ఏదైనా బంతి బల్ల అంచునున్న పాకెట్లో, అంటే కన్నంలో, పడితే కొట్టినవాళ్ళే ఆట కొనసాగిస్తారు, పడకపోతే ఆట అవతలివాళ్ళ చేతికి పోతుంది. తమ వంతు ఏడూ వేసి, ఆఖర్న నల్లది వేసినవాళ్ళు గెలిచినట్టు. ఇంతే. మిగతాదంతా గొడవ.

ఆ గొడవలో సగం పేర్చడం దగ్గరే పుట్టేది. పాత పద్ధతిలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పేర్చిపెట్టాలి. అప్పుడే ఓడి మొహం మాడ్చుకున్నవాడు అవతలివాడి కోసం మనసుపెట్టి పేరుస్తాడా? ఏదో మొక్కుబడిగా నాలుగు బంతులు నెట్టి చట్రం తీసేసేవాడు. బంతికీ బంతికీ మధ్య సందు ఉంటే దెబ్బలో సత్తువంతా ఆ సందులోనే చచ్చిపోతుంది. కుప్ప సరిగ్గా చెదరదు. గెలిచినవాడు ఒంటికాలి మీద లేచేవాడు. "మళ్ళీ పేర్చు" అని ఒకడు, "నీకు కొట్టడం చేతకాక" అని ఇంకొకడు. మా హాలు ఓనరు మెత్తని మనిషి. గట్టిగా తుమ్మినా ఎవరికైనా కోపమొస్తుందేమోనని చుట్టూ చూసుకునే రకం. ఈ తగువులు తీర్చలేక ఆయనకి తల ప్రాణం తోకకి వచ్చేది.

హాలు టైర్ల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కే దాకా రబ్బరు వాసన, ఎక్కాక సుద్ద వాసన. నేను మెట్ల పక్క చిన్న గదిలో కర్రల చివర తోలు టిప్పులు అతికించేవాణ్ణి. అక్క బల్లల మీద గుడ్డకి బ్రష్షు పట్టేది, బంతులు కడిగి తుడిచేది. ఒకరోజు ఇద్దరు పెద్దమనుషులు ర్యాక్ విషయంలో చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. అక్క బ్రష్షు పక్కన పెట్టి, వాళ్ళిద్దరి మధ్య నుంచి దూరి, బంతులు తనే పేర్చింది. "ఇప్పుడు కొట్టండి" అంది. వాళ్ళు కొట్టుకోవడం మానేసి ఆట మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి పోటీలన్నిటికీ పేర్చేపని అక్కదే అయింది.

నిజానికి ఆవిడ అందుకే పుట్టిందేమో. ఇంట్లో పండు కోస్తే రెండు ముక్కల్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని తూచి మరీ ఇచ్చేది. చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చినా సరే, ఆవిడ వాటాలో నాకు పిసరంత ఎక్కువ వచ్చేది కాదు. ఇలాంటి మనిషితో కలిసి పెరగడం ఎంత విసుగో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. కానీ ఆటగాళ్ళకి అది దేవుడిచ్చిన వరంలా కనిపించింది.

ఆవిడ పేర్చే తీరు చెప్పాలి. బంతుల్ని చట్రంలో దొర్లించి, వెనక నుంచి వేళ్ళన్నీ ఆనించి ముందుకి నెట్టి, కాసేపు అలాగే పట్టి ఉంచేది. తర్వాత ఎడంచెయ్యి తీసి నడుం వెనక పెట్టుకునేది. కుడిచేత్తో మాత్రమే చట్రాన్ని పైకి లేపి తీసేది. ఈ ఒంటిచేతి పద్ధతి ఎవరూ నేర్పింది కాదు, తనే పెట్టుకుంది. రెండో చెయ్యి బల్ల దగ్గరుంటే, వేలితో ఏదో బంతిని కదిపిందని రేపు ఎవడైనా అనొచ్చని ఆవిడ అనుమానం. చెయ్యి వెనక పెట్టుకుంటే ఇక అనడానికేముంది? జనానికి అది తెగ నచ్చేసింది. కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళు చూపించేవారు, "ఆ చెయ్యి చూడు, ఆ చెయ్యి చూడు" అని. ముక్కోణమ్మ అని పేరు కూడా పెట్టారు. అక్క పైకి చిరాకుపడేది గానీ, ఇంటికొచ్చాక బావతో "ఇవాళ కూడా ముక్కోణమ్మే అన్నారు" అని చెప్పుకునేది. బావ ఎప్పుడూ హాలుకి రాలేదు. ఆట చూస్తే గుండె దడ అంటాడు. ఎవరి ఆటైనా సరే.

నా మేనకోడలు ఆ హాల్లోనే పెరిగింది. అమ్మ పనిలో ఉంటే పిల్ల ఎక్కడుంటుంది మరి? బల్ల అంచు పట్టుకుని నిలబడి, గడ్డం అంచుకి ఆనించి, కళ్ళు బంతుల ఎత్తులో పెట్టి చూస్తూ ఉండేది. కాస్త పొడుగయ్యాక కర్ర పట్టింది. ఇంకాస్త పొడుగయ్యాక పట్టినవాళ్ళనల్లా ఓడించడం మొదలుపెట్టింది. పిల్ల పోటీల్లోకి దిగిన రోజు నుంచి అక్క హాల్లో దాన్ని కూతురిగా చూడటం మానేసింది. "ప్లేయర్ గారూ, మీ బ్రేక్" అనేది, ఊరూ పేరూ తెలియని మనిషితో అన్నట్టు. పిల్ల కూడా ఏమీ తక్కువ తినలేదు. "థాంక్సండీ మేడమ్" అనేది. చూసేవాళ్ళకి నవ్వు. నాకైతే ఒళ్ళు మండేది. ఓడిపోయి వచ్చిన పిల్ల తలమీద చెయ్యి వెయ్యడానికి కూడా ఇంటికెళ్ళేదాకా ఆగే తల్లిని నేను ఎక్కడా చూడలేదు.

దాని బ్రేక్ గురించి మా హాల్లో కథలుగా చెప్పుకునేవారు. అందరూ తెల్ల బంతిని బల్ల మధ్యలో పెట్టి, తల బంతి నుదుటి మీద కొట్టినట్టు బలంకొద్దీ కొడతారు. అది మాత్రం తెల్ల బంతిని కుడి పక్క అంచు దగ్గర పెట్టేది. తల బంతిని వదిలేసి, దాని వెనక కుడి పక్కనున్న రెండో బంతిని గురి చూసేది. ఇలా కొడితే తెల్ల బంతే పాకెట్లో పడే ప్రమాదం ఉంది, పడితే ఆట అవతలివాళ్ళకి పోయినట్టే. అందుకని తెల్ల బంతిని నడిమికి కాస్త కింద పొడిచి, తగలగానే వెనక్కి వచ్చేలా చేసేది. పెద్ద బలం కూడా పెట్టేది కాదు. కుప్ప చెదిరి వెనక వరసలోంచి ఏదో ఒక బంతి పాకెట్ చూసుకునేది. ఆడపిల్ల, భుజబలం లేదు, బుర్రతో కొడుతోంది అనేవారు. అదీ నిజమే.

ఒక్కటే లోపం. బయట హాళ్ళకి వెళ్తే ఓడిపోయి వచ్చేది. ఇక్కడ సింహంలా ఆడే పిల్ల అక్కడ మొదటి రౌండులోనే చేతులెత్తేసేది. అక్కడ ఆ బ్రేక్ పలికేది కాదు. "కొత్త చోటైతే దానికి బెదురు, నా పోలికే" అని అక్క తేల్చేసింది. అక్కకి బెదురేమిటో నాకు అర్థం కాలేదు. ఆవిడ్ని చూసి బెదిరినవాళ్ళనే చూశాను గానీ.

అలాంటప్పుడు హాలు పోటీ ఫైనల్ వచ్చింది. గెలిచినవాళ్ళు మా హాలు తరఫున పెద్ద పోటీకి వెళ్తారు. ఆదివారం మధ్యాహ్నం, కిటికీల్లోంచి ఎండ బల్ల మీద పడకుండా ఓనరు దుప్పట్లు కట్టించాడు. ఒక పక్క మా పిల్ల. రెండో పక్క డ్రైవింగ్ స్కూలు మాస్టారు. కారు నడపడం నేర్పేవాడు కదా, ఏదైనా మూడుసార్లు చూసి గానీ కదలడు. అద్దం చూసుకున్నట్టు వెనక్కి కూడా చూసి కొడతాడు. మర్యాదస్తుడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఆ రోజు చేసిన పనికి కూడా.

బ్రేక్ ఒకసారి ఒకరిది, ఇంకోసారి ఇంకొకరిది. మాస్టారు నడిమి నుంచి బలంగా కొడుతున్నాడు. ఒక్క బంతీ పడటం లేదు. పిల్ల కుడి అంచు నుంచి కొడుతోంది, ప్రతిసారీ ఏదో ఒకటి పడుతోంది. మాస్టారు ఆట బాగుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తూ సమానం చేశాడు. ఇక ఆఖరి గేము మిగిలింది. బ్రేక్ పిల్లది.

అక్క చట్రం తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. మాస్టారు కర్ర గోడకి ఆనించి, గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషమండీ. ఓ మాట అడగాలి. తప్పయితే క్షమించండి."

"అడగండి, అడగండి" అన్నాడు ఓనరు, అప్పటికే చెమట తుడుచుకుంటూ.

"నేను కొడితే ఒక్కటీ పడట్లేదు. అమ్మాయి కొడితే పడనిది లేదు. ఇవాళే కాదు, నెలలుగా చూస్తున్నా. పేర్చే మనిషి మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ అమ్మాయికి తల్లి. నేను ఏదో అంటున్నానని కాదు. కానీ అడక్కుండా ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు."

వెనక బెంచీ మీద ఎవడో "అదీ నిజమేగా" అన్నాడు. అక్క చట్రాన్ని బల్ల మీద మెల్లగా పెట్టింది.

"నేను ఇద్దరికీ ఒకేలా పేర్చాను" అంది.

"ఒకేలా అయితే ఒకేలా పడాలి కదమ్మా."

ఓనరు నీళ్ళు నమిలాడు. "పోనీ, ఈ ఒక్క గేముకీ వేరే ఎవరైనా పేర్చేస్తే సరిపోతుంది కదా. తప్పని కాదు, ఊరికే. తమ్ముడున్నాడుగా, అతను పేరుస్తాడు" అని నన్ను చూపించాడు.

"బాగుంది. అమ్మ కాకపోతే మేనమామ" అన్నాడు వెనక బెంచీవాడు. జనం నవ్వారు.

అక్క నవ్వలేదు. ఓనరు వైపు తిరిగింది. "ఇవాళ ఇంకొకరు పేరిస్తే, నేను పక్షపాతం చేశానని మీరు ఒప్పుకున్నట్టే. అలా అయితే రేపట్నుంచి నేనీ గుమ్మం తొక్కను. బంతులు కడగడానికి కూడా రాను."

ఆవిడ అన్న మాట అన్నట్టే చేస్తుందని ఆ హాల్లో అందరికీ తెలుసు. ఆ క్షణంలో ఆవిడకి మిగిలింది ఆ పేరొక్కటే. న్యాయంగా పేరుస్తుందన్న పేరు. ఇన్నేళ్ళుగా ఇంటికి పట్టుకెళ్ళి బావకి చెప్పుకున్నది అదే. అదీ అందరి ముందూ బల్ల మీద పడి ఉంది, తీసుకోవడానికి ఎవరూ చెయ్యి చాపడం లేదు. మాస్టారిని తిట్టాలనుకున్నాను గానీ, ఆయన అడిగినదాంట్లో తప్పేమిటో దొరకలేదు.

అప్పుడు పిల్ల కర్ర బల్ల మీద అడ్డంగా పెట్టింది.

"మా అమ్మ ఒకేలానే పేరుస్తుందండీ. అబద్ధం కాదు. ఇద్దరికీ ఒకేలా తప్పు పేరుస్తుంది."

అక్క తల తిప్పి చూసింది. చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఏంటే?" అంది. ప్లేయర్ గారూ లేదు, మీరూ లేదు.

"పేర్చమ్మా. నువ్వెప్పుడూ పేర్చినట్టే పేర్చు. చూపిస్తా."

అక్క పేర్చింది. బంతులు నెట్టింది, పట్టి ఉంచింది, ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుంది, కుడిచేత్తో చట్రం తీసింది. ఎప్పుడూ ఎంత శ్రద్ధగా చేస్తుందో దానికి రెట్టింపు శ్రద్ధ పెట్టింది. చూడ్డానికి ముచ్చటేసేలా ఉంది ఆ ర్యాక్. పిల్ల జేబులోంచి చాక్లెట్ చుట్టిన పలచటి కాగితం తీసింది. తల బంతికీ దాని వెనక కుడి బంతికీ మధ్య పెట్టి తోసింది. కాగితం ముడుచుకుపోయింది గానీ దూరలేదు. ఎడం పక్క బంతి దగ్గర పెట్టింది. తోయకుండానే జారిపోయింది.

"ఒక చేత్తో లేపినప్పుడు చట్రం కాస్త వొరుగుతుందండీ. వొరిగి ఆ బంతిని రాసుకుంటూ వెళ్తుంది. వెంట్రుకంత కదులుతుంది. ఎప్పుడూ ఆ పక్కే. నడిమి నుంచి కొడితే సగం దెబ్బ ఆ సందులో పోతుంది. అందుకే మీకు పడట్లేదు. నేను బిగుతుగా ఉన్న పక్క చూసుకుని కొడతాను. అంతే. మా అమ్మ నాకేమీ చెయ్యలేదు. ఎవరు చూసినా కనిపించేదే. నేను చూశాను, మీరు చూడలేదు."

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, బల్ల ఎత్తులో కళ్ళు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, "అవును. ఉంది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "అమ్మా, మిమ్మల్ని అలా అన్నందుకు నా చెంపలు నేనే వేసుకోవాలి."

జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. దొంగ కాదని తేలిపోయింది. ఓనరు అందరికంటే ముందు నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. కానీ అక్క ఎవరి వైపూ చూడటం లేదు. ఆ జారిపోయిన కాగితాన్నే చూస్తోంది. దాన్ని తీసి, మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఆ సందులో పెట్టింది. అది మళ్ళీ జారింది. దొంగ అన్న మాట పోయింది గానీ, దాని చోట్లో ఇంకో మాట వచ్చి కూర్చుంది. ఆవిడ ఎంతో గొప్పగా చూపించుకున్న ఆ వెనక పెట్టుకున్న చెయ్యే అసలు తప్పు. ఎవరి మీదా అనుమానం రాకూడదని చేసిన పనే ర్యాక్‌ని చెడగొట్టింది. హాలులో ఇన్నేళ్ళుగా ఎంతమంది ఎన్ని దెబ్బలు ఆ సందులో పోగొట్టుకున్నారో ఎవరికి తెలుసు?

"ఎలా పేర్చమంటారు?" అని అడిగింది అక్క మాస్టారిని. గొంతు మామూలుగానే ఉంది.

"ఎప్పట్లాగే పేర్చండమ్మా. ఇప్పుడు నాకూ తెలుసుగా. ఇద్దరికీ తెలిశాక ఇంకేముంది?"

మంచి మాటే. పెద్దమనిషి మాట. బ్రేక్ పిల్లదని తెలిసి కూడా అన్నాడు. ఒంటిచేత్తో పేరిస్తే పిల్ల కుడి అంచుకి వెళ్ళి తనకి తెలిసిన దెబ్బ కొడుతుంది, గేము సగం గెలిచినట్టే. అక్కకి అది అర్థం కాకుండా ఉండదు. ఆవిడ ఒకసారి కూతురి వైపు చూసింది. తర్వాత చట్రం మళ్ళీ వేసి బంతుల మీదకి వంగింది. నెట్టింది. పట్టి ఉంచింది. ఎడంచెయ్యి వెనక్కి పోలేదు. రెండు చేతులతో చట్రాన్ని నిట్టనిలువుగా లేపి తీసింది. కాగితం తీసుకుని తనే రెండు పక్కలా తోసి చూసింది. ఏ పక్కా దూరలేదు.

"కొట్టు" అంది కూతురితో.

ఆ క్షణంలో నాకు మా అక్క మీద వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. పిల్ల తన నోటితోనే తన గుట్టు బయట పెట్టుకుంది, తల్లి పరువు కోసం. అవతలివాడే ఒప్పుకున్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కాస్త ఎక్కువ వాటా పెడితే ఏం పోయింది?

పిల్ల కుడి అంచు దగ్గరికి వెళ్ళింది. వంగింది. కర్ర ఆడించింది. లేచింది. నడిమికి వచ్చింది. మళ్ళీ అంచు వైపు రెండడుగులు వేసి ఆగింది. ఆ పిల్ల ఏ బ్రేక్ దగ్గరా అలా తిరగడం నేను చూడలేదు. చివరికి మధ్యలోనే బంతి పెట్టి, మాస్టారు కొట్టినట్టే బలంగా కొట్టింది. ర్యాక్ అంత బిగుతుగా ఉండేసరికి బంతులు బల్లంతా పరుచుకున్నాయి. ఒక్కటీ పడలేదు. అలా పరుచుకున్నవి పడకపోతే అవతలివాళ్ళకి వడ్డించినట్టే. మాస్టారు బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు, చారల బంతులు ఎంచుకున్నాడు. ఒకటి తర్వాత ఒకటి వేసుకుంటూ పోయాడు. నల్ల బంతి వేసినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయనే ముందుగా వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. పిల్ల తలాడించింది.

మేం ముగ్గురం మెట్లు దిగాం. కింద టైర్ల దుకాణం మూసి ఉంది. వీధిలో ఇంకా ఎండ ఉంది. నాకు నోరు దురద పెడుతోంది గానీ, ఏమన్నా అక్క మీదే అనాల్సి వస్తుంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది అక్క చివరికి.

"చిన్నప్పట్నుంచి. బల్ల ఎత్తుకి నా కళ్ళు వచ్చినప్పట్నుంచి. మీరందరూ పైనుంచి చూసేవారు. నాకు పక్కనుంచి కనిపించేది."

"మరి చెప్పలేదే?"

పిల్ల దారిలో ఒక రాయి కనిపిస్తే కాలితో పక్కకి నెట్టింది.

"మొదట్లో నీకోసం చెప్పలేదు. అందరూ నీ చెయ్యి చూసి మెచ్చుకుంటుంటే ఎలా చెప్పను? తర్వాత నాకోసం చెప్పలేదు."

ఎవరైనా ఆ మొదటి సగం చెప్పి ఆపేస్తారు. రెండో సగం కూడా చెప్పడం చూస్తే అది నిజంగా మా అక్క కూతురే అనిపించింది. అక్క తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

"నేను ఒంటిచేత్తో పేర్చి ఉంటే గెలిచేదానివి" అంది.

"తెలుసు."

"నాకూ తెలుసు."

"తెలుసనీ తెలుసు. దానికి కాదమ్మా నా బాధ."

"మరి దేనికి?"

పిల్ల ఆగిపోయింది. అప్పటిదాకా లేని ఏడుపు గొంతులోకి వచ్చింది. "బయట హాళ్ళకెళ్తే నాకు బెదురంటారు మీరంతా. బెదురేం కాదు. అక్కడ ర్యాక్ బిగుతుగా ఉంటుంది. బిగుతు ర్యాక్ పగలగొట్టడం నాకు రాదు. ఎలా వస్తుంది? ప్రాక్టీసుక్కూడా చట్రం ఇంకొకర్ని ముట్టుకోనివ్వవుగా. పొద్దున్న ఒక్కదాన్నే ఆడుకున్నా నువ్వే వచ్చి పేరుస్తావు. నాకు వచ్చింది ఆ ఒక్క బ్రేకే. ఇవాళ నువ్వు పేర్చావే, అలాంటిది నాకెప్పుడైనా పేర్చావా?"

అక్క నడిరోడ్డు మీద నిలబడిపోయింది. అందరి ముందూ ఆ కాగితం జారినప్పుడు కూడా ఆవిడ కళ్ళలో నీళ్ళు రాలేదు. ఇప్పుడు వచ్చాయి. తుడుచుకోలేదు కూడా. వెనకనుంచి సైకిలు బెల్లు కొడుతుంటే నేనే రెక్క పట్టి పక్కకి లాగాను.

లాగిన చెయ్యి విదిలించుకుని ఆవిడ వెనక్కి తిరిగింది. ఇంటివైపు కాదు, వచ్చిన దారినే. పిల్ల ఒక క్షణం నా వైపు చూసి, ఆవిడ వెనక పరుగుతీసింది. నేనూ వెళ్ళాను. ఓనరు బల్ల మీద ముసుగు కప్పుతున్నాడు. అక్క అడగలేదు, చెప్పలేదు, ఆ ముసుగు ఆయన చేతిలోంచి లాగి పక్కన పడేసింది. బంతులన్నీ పాకెట్లలోంచి ఏరింది. రెండు చేతులతో పేర్చింది.

పిల్ల కొట్టింది. బంతులు చెదిరాయి. ఒక్కటీ పడలేదు.

అక్క మళ్ళీ ఏరింది, మళ్ళీ పేర్చింది. పిల్ల ఈసారి కాస్త పక్కనుంచి కొట్టింది. తెల్ల బంతే పోయి మూల పాకెట్లో పడింది.

"అక్కణ్ణుంచి కాదే. తెల్లదాన్ని ఇంకా ఇటు జరుపు" అంది అక్క. కర్ర పట్టడం కూడా సరిగ్గా రాని మనిషి కూతురికి బ్రేక్ నేర్పుతోంది. నేను నవ్వాను. నా వైపు ఎవరూ చూడలేదు.

"నువ్వే కొట్టు మరి, అంత తెలిస్తే" అంది పిల్ల.

"ఇటివ్వు" అంది అక్క.

నేను ఇంటికి వెళ్ళాను. బావ గుమ్మంలోనే ఉన్నాడు, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"ఓడిపోయింది" అన్నాను.

"అయ్యో. మరి వాళ్ళేరీ? ఎక్కడైనా కూర్చుని ఏడుస్తున్నారా?"

"లేదు బావా. ఆడుకుంటున్నారు" అన్నాను.